సున్నా చుట్టడానికి ఎన్ని చుక్కలు కావాలి?

గత సంవత్సరం సొసైటీ వార్షిక సమావేశంలో సాయంత్రపు కంప్యూటర్ తరగతి పద్దు చదివినప్పుడు దాతల్లో ఒక పెద్దాయన లేచి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "మాస్టారూ, టైపింగ్ నేర్పండి, ట్యాలీ నేర్పండి, పిల్లలకు నాలుగు రాళ్లు వస్తాయి. మీరేమో తెర మీద వంకర గీతలు గీయిస్తున్నారట. దానివల్ల ఏమొస్తుంది?" ఆ మాటలో కోపం లేదు. ఇచ్చిన డబ్బు ఎటు పోతోందో తెలుసుకోవాలన్న న్యాయమైన కోరికే ఉంది. ఆ రోజు మేము సరిగ్గా జవాబు చెప్పలేకపోయాము. సమయం చాలలేదని సర్దిచెప్పుకున్నాము గాని, నిజానికి మేమే తయారుగా లేము. ఈ సంచికకు వ్యాసం రాయమని కమిటీవారు అడిగినప్పుడు ఆ బాకీ తీర్చుకుందామనుకున్నాము. చదివేవారు ఒక తెల్ల కాగితం, పెన్సిలు, స్కేలు దగ్గర పెట్టుకుంటే మేలు.

వంకర గీతల కథ ఒక ఫ్లెక్సీతో మొదలైంది. స్కాలర్‌షిప్పులు పంచే రోజున కంకిపాడు సెంటర్లో కట్టడానికి మా పిల్లలే బ్యానర్ తయారుచేశారు. సొసైటీ పేరున్న పాత కరపత్రాన్ని ఫోనుతో ఫొటో తీసి, దాన్నే పది అడుగులకు పెంచి అచ్చుకు ఇచ్చారు. కట్టాక చూస్తే ప్రతి అక్షరం అంచూ మేడమెట్లలా ఉంది. సున్నాలు గుండ్రంగా లేవు, ఇటుకలు పేర్చినట్టున్నాయి. వచ్చిన పెద్దలు ఏమీ అనలేదు గాని పిల్లలు సిగ్గుపడ్డారు. మర్నాడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "సార్, కంప్యూటర్లో టైపు చేసిన అక్షరాన్ని ఎంత పెద్దది చేసినా నున్నగానే ఉంటుంది కదా. ఫొటోలో అక్షరం ఎందుకిలా అయింది?"

ఫొటో అంటే గళ్ల కాగితం. ఒక్కో గడికి ఒక్కో రంగు. పెద్దది చేస్తే గళ్లే పెద్దవవుతాయి, కొత్తగా ఏమీ పుట్టదు. ఇంతవరకు మేము చెప్పగలిగాము. టైపు చేసిన అక్షరం సంగతి వేరు. అది బొమ్మ కాదు, బొమ్మ గీసుకోవడానికి ఇచ్చిన కొలతల పట్టీ. ఇంటి ఫొటోకీ మేస్త్రి చేతిలోని ప్లానుకీ ఎంత తేడా ఉందో వీటికీ అంతే. కొలతలు ఉంటే ఏ సైజుకైనా మళ్లీ కొత్తగా గీసుకోవచ్చు. "అయితే వంపుకు కొలత ఎలా ఇస్తారు సార్?" అని ఆ అమ్మాయి రెండో ప్రశ్న వేసింది. అక్కడ మేము ఆగిపోయాము. రేపు చెబుతామన్నాము. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది.

నిటారు గీతకు రెండు చుక్కలు చాలు, మధ్యలోది స్కేలు చూసుకుంటుంది. వంపు మాటేమిటి? వంపు మీద వందల చుక్కలు పెట్టుకుంటూ పోతే అది మళ్లీ గళ్ల కాగితమే అవుతుంది. ఇక్కడ సంక్రాంతి మెలికల ముగ్గు గుర్తుచేసుకోండి. చుక్కలు పెట్టి వాటి చుట్టూ పిండి గీత తిప్పుతారు. గీత చుక్కల్ని తాకదు, కాని ఎటు తిరగాలో చుక్కలే చెబుతాయి. కంప్యూటర్ వాడే చుక్కలూ అలాంటివే. వాటిని కంట్రోల్ పాయింట్లు, నియంత్రణ బిందువులు అంటారు. ముగ్గులో తిప్పేది చేతి అలవాటు. కంప్యూటర్‌కు అలవాటు లేదు కాబట్టి దానికి లెక్క కావాలి.

ఆ లెక్క ఇది. కాగితం మీద మూడు బిందువులు పెట్టండి: క (0, 0), ఖ (4, 8), గ (8, 0). క నుంచి ఖకు, ఖ నుంచి గకు స్కేలుతో గీతలు గీయండి. గుడారంలా వస్తుంది. మొదటి గీతకు మధ్య బిందువు (2, 4), రెండో గీతకు మధ్య బిందువు (6, 4). ఈ రెండింటినీ కలిపి ఆ కొత్త గీతకు మధ్య బిందువు గుర్తించండి. అది (4, 4). మన వంపు దీని గుండా పోతుంది.

ఇప్పుడు సగానికి బదులు పావు వంతు తీసుకోండి. క నుంచి ఖ వైపు పావు దూరం వెళితే (1, 2). ఖ నుంచి గ వైపు పావు దూరం వెళితే (5, 6). మొదటి దాని నుంచి రెండో దాని వైపు మళ్లీ పావు దూరం వెళితే (2, 3). ముప్పావు వంతుతో చేస్తే (6, 3). ఇక (0, 0), (2, 3), (4, 4), (6, 3), (8, 0) వరసగా కలపండి. పావు, అర, ముప్పావుతోనే గుడారం లోపల ఒక విల్లు లేస్తుంది. ఇరవై వంతులుగా చేస్తే కంటికి నున్నటి వంపే. గణితంలో ఇది పరావలయం. వంపు క దగ్గర మొదలై గ దగ్గర ముగిసింది గాని ఖను తాకలేదు. ఖ దాన్ని తన వైపు లాగింది, అంతే. ఖను (8, 8)కు జరిపి చూడండి. సగం దగ్గర బిందువు (6, 4)కు వస్తుంది, విల్లు మొత్తం కుడికి వాలుతుంది. ఎంత వాలినా మూడు బిందువులు కట్టిన త్రిభుజం గట్టు మాత్రం దాటదు.

మొత్తం వంపును ఆరు అంకెలు పట్టి ఉంచాయి. ఆ ఆరింటినీ నూరుతో హెచ్చవేసి మళ్లీ అదే లెక్క చేస్తే వంపు నూరు రెట్లు పెరుగుతుంది, అంచు మాత్రం మెట్లు కట్టదు. మా ఫ్లెక్సీకి జరగవలసింది ఇదే.

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. పైన చేసిన లెక్క కొత్తదేమీ కాదు. పదో తరగతి నిరూపక రేఖాగణితంలో విభజన సూత్రం అని ఉంటుంది, మధ్య బిందువు దానిలో భాగమే. ముప్పై ఏళ్లకు దగ్గరగా మేము దాన్ని బోర్డు మీద రాస్తున్నాము. బీఈడీలో "తెలిసినదాని నుంచి తెలియనిదానికి" అనే బోధన సూత్రం కంఠస్థం చేసి పరీక్ష రాసినవాళ్లమే. చాలా ఏళ్ల కిందట ఒక అబ్బాయి, "ఈ సూత్రం దేనికి సార్?" అని అడిగితే, "పరీక్షలో వస్తుంది, రాసుకో" అన్నాము. వాడు మళ్లీ అడిగాడు. వెటకారం చేస్తున్నాడనుకుని బెంచీ ఎక్కించాము. పదో తరగతితో వాడు చదువు మానేశాడు. కారణాలు చాలా ఉండవచ్చు, ఇంటి పరిస్థితీ అంతంతమాత్రమే. అయినా ఆ బెంచీ సంగతి మాకు గుర్తుంది. వాడి ప్రశ్నకు జవాబు మాకు నిజంగానే తెలియదు. మా మేష్టర్లు మాకు చెప్పలేదు, మేము వెతకలేదు.

జవాబు దొరికిన చోటు చెబితే మన బెజవాడ ఆటోనగర్ పనివారికి ముచ్చటగా ఉంటుంది. అది కార్ల బాడీ దగ్గర పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత కారు ముక్కు, తలుపు, పైకప్పు వంపుల్ని గీసేవారు చేత్తో గీసి, మట్టితోనో కొయ్యతోనో నమూనా చేసేవారు. ఒకరు గీసిన వంపును ఇంకొకరు కొలిచి అచ్చు తయారుచేసేసరికి ప్రతి చోటా కొంచెం తేడా వచ్చేది. వంపును అంకెల్లో చెప్పగలిగితే ఈ బాధ ఉండదు. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పనిచేసిన పాల్ ద కాస్తెల్జో అనే గణితవేత్త 1959లో దీనికి దారి చూపాడు. మీరు ఇప్పుడు కాగితం మీద చేసిన వంతుల లెక్క ఆయనదే. కంపెనీ దాన్ని చాలా కాలం వ్యాపార రహస్యంగా దాచింది. ఆ తరవాత కొద్ది ఏళ్లకే, 1960లలో, రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే తన దారిన తాను అలాంటి వంపుల దగ్గరికే చేరి, ఆ విషయాన్ని ప్రచురించాడు. అందుకని ప్రపంచమంతా వీటిని బెజియే వంపులంటుంది. ముందు కనిపెట్టినవాడి పేరు లెక్క చేసే పద్ధతికి మిగిలింది. విద్యను దాచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మేము తరగతిలో ఈ ముక్క తప్పక చెబుతుంటాము.

మా పిల్లల తండ్రుల్లో ఒకాయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పనివాడు. ఒక సాయంత్రం కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చి తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. పిల్ల ఒక చుక్కను మౌసుతో పట్టి లాగుతుంటే వంపు కదులుతోంది. ఆయన కాసేపు చూసి, "ఇది బద్ద లెక్కే కదా మాస్టారూ" అన్నాడు. క్యాబిన్ నెత్తికి వంపు గీయాలంటే వాళ్లు చెక్క మీద మేకులు కొట్టి, సన్నటి కొయ్యబద్దను వాటి మధ్య వంచి, దాని వెంబడి పెన్సిలు నడుపుతారట. పాతకాలంలో ఓడలు కట్టేవారూ ఇలాంటి బద్దలే వాడేవారు. ఇంగ్లీషులో దాన్ని స్ప్లైన్ అంటారు, కంప్యూటర్ వంపుల్లో ఒక పెద్ద కుటుంబానికి ఆ పేరే పెట్టారు. తేడా ఒకటుంది: బద్ద మేకుల్ని ఆనుకుని పోతుంది, బెజియే వంపు నడిమి చుక్కల్ని ఆనదు. ఈ మాట మేము చెప్పబోతే ఆయనే ముందు, "చుక్కకు బద్దను తాడుతో కట్టి లాగినట్టుంది" అన్నాడు. అంతకంటే మంచి వివరణ మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక తెలుగు అక్షరం దగ్గరికి వద్దాం. మన లిపిలో నిటారు గీతలు తక్కువ, వంపులే ఎక్కువ. అందుకే మొదట సున్నాతోనే మొదలుపెట్టించాము. మూడు చుక్కల విల్లు సున్నాకు అంత బాగా సరిపోదు, కొంచెం బిగుసుకున్నట్టు ఉంటుంది. నాలుగు చుక్కల వంపు వాడితే పని సులువు. వంపు మొదట, చివర ఒక్కో బిందువు. ఒక్కోదానికి ఒక చేతిపిడి లాంటి నియంత్రణ బిందువు. సున్నాను నాలుగు పావులుగా కోసి ఒక్కో పావుకు ఒక వంపు గీయాలి.

వ్యాసార్థం 100 అనుకుందాం. కుడివైపు పై పావుకు బిందువులు ఇవి: (100, 0), (100, 55.23), (55.23, 100), (0, 100). ఆ 55.23 ఎక్కడిదంటే, రెండు వర్గమూలం నుంచి ఒకటి తీసి, మూడింట నాలుగు వంతులతో హెచ్చవేస్తే 0.5523 వస్తుంది, దాన్ని 100తో హెచ్చవేశాము. సరిచూడడానికి మళ్లీ మధ్య బిందువులే. మొదటి వరస: (100, 27.6), (77.6, 77.6), (27.6, 100). రెండో వరస: (88.8, 52.6), (52.6, 88.8). మూడో వరసలో మిగిలేది ఒక్కటే: (70.7, 70.7). కేంద్రం నుంచి దాని దూరం పైథాగరస్ సిద్ధాంతంతో కడితే సరిగ్గా 100. పిల్లలు ఈ లెక్కను బోర్డు మీద చేసి 100 వచ్చిన క్షణాన తరగతి గదిలో అరుపులు చూడాలి. మార్కుల కోసం చేసిన లెక్కకు అలా ఎప్పుడూ అరవలేదు.

నిజం చెప్పాలంటే ఇది అచ్చమైన వృత్తం కాదు. ఈ రకం వంపుతో అచ్చమైన వృత్తం ఎప్పటికీ రాదు. కాని తేడా పది వేలలో మూడు వంతులకు లోపే. మీటరు వ్యాసార్థమున్న సున్నా గీస్తే మిల్లీమీటరులో మూడో వంతు కూడా తప్పదు. ఫ్లెక్సీకి ఇది చాలదంటారా?

పైన మూడు వరసల మధ్య బిందువుల్ని ఒకేసారి కట్టాలంటే నాలుగు బిందువుల్ని వరసగా 1, 3, 3, 1తో హెచ్చవేసి, కూడి, ఎనిమిదితో భాగిస్తే సరి. బడి పుస్తకంలో పాస్కల్ త్రిభుజమని ఉండేదానిలో ఒక వరస ఇది. మన దేశంలో మేరు ప్రస్తారమన్నారు, ఇరాన్‌లో ఖయ్యాం త్రిభుజమంటారు. ఒక్క విద్యకు మూడు ఊళ్లలో మూడు పేర్లు.

నాలుగు పావులూ కలిసేచోట అసలు చిక్కు ఉంది. అతుకు దగ్గర ఈ పక్క చేతిపిడి, అతుకు బిందువు, ఆ పక్క చేతిపిడి మూడూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. లేకపోతే అక్షరం అక్కడ మడత పడుతుంది. కాస్త పెద్దది చేస్తే మోచేయి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లల తప్పుల్లో సగం ఇవే. మిగతా సగం, వంపు కుదరడం లేదని చుక్క మీద చుక్క పెట్టుకుంటూ పోవడం. చుక్కలు పెరిగేకొద్దీ అక్షరం గుంతల రోడ్డులా తయారవుతుంది. వంపు బాగా పైకి, బాగా కిందికి, బాగా పక్కకు వెళ్లే కొనల దగ్గర చుక్క పెట్టి మిగతాది చేతిపిళ్లకు వదిలేస్తే చాలు. ఆ లెక్కన సున్నాకు గీత మీద నాలుగు చుక్కలు, చేతిపిళ్లు ఎనిమిది, మొత్తం పన్నెండు. శీర్షికలో అడిగిన ప్రశ్నకు మా జవాబు అది.

మన ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్న అక్షరాలన్నీ ఇలా పుట్టినవే. 1984లో వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ పద్ధతి నాలుగు చుక్కల వంపుల్ని వాడింది. 1991లో వచ్చిన ట్రూటైప్ పద్ధతి మూడు చుక్కల వాటిని వాడింది. ట్రూటైప్‌లో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. గీత మీద లేని నియంత్రణ బిందువులు రెండు వరసగా వస్తే, వాటి మధ్యలో గీత మీద ఒక బిందువు ఉన్నట్టే లెక్క. దాన్ని ఫైల్లో రాయరు. కంప్యూటరే మధ్య బిందువు కట్టుకుంటుంది. మనం ఫోనులో తెలుగు చదివిన ప్రతిసారీ తెర వెనక పదో తరగతి సూత్రం వేల సార్లు నడుస్తోందన్నమాట. బెంచీ ఎక్కిన అబ్బాయికి చెప్పవలసిన జవాబు ఇది.

పిల్లలు విప్పి చూసిన తొలి ఫాంటు పేరు మండలి. 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యామంత్రిగా ఉన్న మన కృష్ణా జిల్లా నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు దానికి పెట్టారు. గీసినవారు గుత్తుల పురుషోత్ కుమార్, 2013లో. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. ఉచితమంటే వాడుకోవడమే కాదు, విప్పి చుక్కలు చూడవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంట్‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేరూ ఉచితమే, అందులో తెరిస్తే ప్రతి అక్షరం చుక్కలతో సహా కనిపిస్తుంది. తెలుగుకు యూనికోడ్ ఇచ్చిన చోట్లు 128 మాత్రమే. కాని గుణింతాలు, వత్తులు కలిసే రూపాలన్నీ గీయాలంటే పని ఎన్నో రెట్లు. ఒక పూట కూర్చుని ఒక్క "జ"ను అనుకరించబోయిన పిల్లలు, మర్నాటి నుంచి ఫాంట్లు గీసేవారి గురించి గౌరవంగా మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇంట్లో ఉర్దూ చదివే పిల్లలు ఒక ప్రశ్న తెచ్చారు: "మరి నస్తాలీఖ్ ఎలా గీస్తారు సార్?" దాని పని తెలుగు కంటే కష్టం. అక్షరాలు పక్కపక్కన నిలబడవు, పైనుంచి కిందికి జారుతూ ఒకదానిలో ఒకటి కలుస్తాయి. 1981లో వచ్చిన నూరీ నస్తాలీఖ్ కోసం మీర్జా అహ్మద్ జమీల్ వేల కొద్దీ అక్షరాల కలయికల్ని చేత్తో రాసిపెట్టవలసి వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే పదో శతాబ్దపు బాగ్దాదులో వజీరుగా ఉన్న ఇబ్న్ ముఖ్లా, కలం మొనతో వేసిన నుక్తాను కొలతగా పెట్టుకుని అలిఫ్ పొడవు, ఆ అలిఫ్ వ్యాసంగా ఒక వృత్తం, ఆ వృత్తంతో మిగతా అక్షరాల వంపులు నిర్ణయించాడు. ఆయన చుక్కలు కొలిచేవి, మన చుక్కలు లాగేవి. రెండూ ఒకటే అనడం తప్పు. కాని అక్షరపు అందాన్ని చేతి అదృష్టానికి వదలకుండా, ఇంకొకరికి నేర్పగలిగే కొలతగా మార్చాలన్న తపన ఒకటే.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్న. ఈ గీతల వల్ల నెలకు ఇంత వస్తుందని మేము చెప్పలేము. చెబితే అబద్ధమవుతుంది. తరగతిలో చేరినవారిలో కొందరు మధ్యలోనే మానేశారు, వాళ్లకు టైపింగే నచ్చింది, అదీ మంచిదే. టైపింగ్, ట్యాలీ ఆపాలని మేము ఎన్నడూ అనలేదు. వారానికి రెండు సాయంత్రాలు మాత్రం ఈ పనికి వదలమని అడుగుతున్నాము. సాఫ్ట్‌వేరుకు పైసా ఖర్చు లేదు, ఉన్న కంప్యూటర్లే చాలు, కరెంటు బిల్లూ కాగితాలే భారం. ఇప్పటివరకు మా కళ్లతో చూసింది ఇంతే: లెక్కల పీరియడ్‌లో వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి, ఫ్లెక్సీ చూసి ప్రశ్న వేసిన పిల్లే, ఇప్పుడు విభజన సూత్రాన్ని కింది తరగతివాళ్లకు నేర్పుతోంది. వాళ్లు "ఇది దేనికి అక్కా?" అని అడిగితే తెర ముందు కూర్చోబెట్టి చుక్క లాగిస్తోంది.

ఈ సంచిక అట్ట మీద సొసైటీ పేరు పిల్లలు గీసిందే. ఏ ఫాంటు నుంచీ తీసుకోలేదు. అచ్చుకు వెళ్లాక తెలిసింది, మొదటి మాట చివరి సున్నాకు ఎడమ పక్కన ఒక అతుకు దగ్గర మూడు బిందువులు ఒకే గీత మీద లేవు. వేలితో తడిమితే తెలియదు గాని కాస్త దూరం పెట్టి చూస్తే మడత కనిపిస్తుంది. ఎవరి పొరపాటో పిల్లలు మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఫైలు మాత్రం అప్పుడే సరిచేసి పెట్టారు.